కొయ్యముఖాలూ కెమెరా కన్నూ

నా కంప్యూటర్‌లో 'పారో' అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ ఒకటుంది. అందులో 612 ఫోటోలున్నాయి. 2023 ఏప్రిల్ మొదట్లో భూటాన్‌లో పారో త్సేచు ఉత్సవం చూడ్డానికి వెళ్ళినప్పుడు తీసినవి. వాటిలోంచి ఓ ఇరవై ఏరి ఇమ్మని నాతో పనిచేసే స్నేహితురాలు అడిగింది. మహిళా దినోత్సవం రోజు కాలేజీ వరండాలో 'హిమాలయ స్త్రీలు' అని బోర్డు పెట్టి అంటిస్తుందట. దానికేం భాగ్యం, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. చివరికి ఇవ్వనేలేదు. ఎందుకివ్వలేదో ఆమెకు సరిగా చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఒకరకంగా ఆమెకు బాకీపడ్డ జవాబు.

అడ్డుపడింది 347వ నంబరు ఫోటో. ఒక ముసలామె జపమాల తిప్పుతూ రాతిమెట్ల మీద కూర్చుంది. ముఖం నిండా ముడతలు, చెవికి పగడం, భుజం మీద ఎర్రటి రాచు (ఉత్సవానికీ, జోంగ్ లోపలికీ వచ్చేటప్పుడు ఆడవాళ్ళు ఎడమ భుజం మీద వేసుకునే నేత పట్టీ). వెలుగు పక్కనించి పడుతోంది. ఫోటో తీయడం నేర్చుకునేవాళ్ళెవరైనా ఎగిరి గంతేసే ఫ్రేము. అయితే ఆమె కుడిచెయ్యి కొంచెం పైకి లేచి ఉంది. 346లో ఆ చెయ్యి ఒళ్ళోనే ఉంది. 348లో ముఖానికి పూర్తిగా అడ్డం వచ్చింది. అంటే ఏమిటి? ఆమె వద్దంటోంది. వద్దనడం మొదలుపెట్టిన ఆ అరక్షణంలోనే నాకు 'మంచి' ఫోటో దొరికింది. అప్పుడు నేను ఆమెకి ముప్ఫై అడుగుల దూరంలో ఉన్నాను, అరువు తెచ్చుకున్న పొడుగు లెన్సుతో.

మగచూపు గురించి క్లాసులో పాఠం చెప్తాను నేను. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం దగ్గర మొదలుపెట్టి, సుసాన్ సాంటాగ్ ఫోటోగ్రఫీ మీద రాసిన పుస్తకం దాకా వస్తాను. అదంతా చెప్పే మనిషిని ఆ మెట్ల దగ్గర ఏం చేశాను?

త్సేచు అంటే పదోరోజు. బౌద్ధాన్ని ఆ కొండల్లోకి తెచ్చాడని నమ్మే పద్మసంభవుడి పేర, అక్కడివాళ్ళ మాటలో గురు రింపోచే పేర, చాంద్రమాన నెలలో పదోరోజుకి ముడిపెట్టి చేసే పండగ. పారోలో రింపుంగ్ జోంగ్ పక్కనే బయలు ఉంది. అక్కడ అయిదురోజులు జరుగుతుంది. ప్రధానమైనవి చామ్ నాట్యాలు. కొయ్యతో చెక్కిన జింక, ఎద్దు, పుర్రె, ఉగ్రదేవత ముఖాలు పెట్టుకుని సన్యాసులూ, గృహస్థులైన మగవాళ్ళూ ఆడతారు. చివరిరోజు ఇంకా తెల్లవారకముందే, చలిలో వణుకుతూ జనం నిలబడి ఉండగా, ఓ భవనమంత ఎత్తున్న థోంగ్‌డ్రెల్‌ని విప్పుతారు. గుడ్డముక్కలు అతికి కుట్టిన గురు రింపోచే చిత్రం అది. చూస్తేనే విముక్తి అని ఆ మాటకి అర్థం. ఎండ తగలకముందే మళ్ళీ చుట్టేస్తారు. చూపుకి ఇంత విలువిచ్చే సంప్రదాయంలో, చూడ్డం పుణ్యకార్యమైన చోట, మేం వందమందిమి కెమెరాలు పట్టుకుని నిలబడ్డాం. గుడి లోపల గర్భగృహాల్లో ఫోటోలు నిషేధం. బయట బయల్లో మాత్రం నిషేధం లేదు. దాంతో లోపల తీయలేకపోయిందంతా బయట మనుషుల ముఖాల మీద తీర్చుకుంటున్నట్టు ఉంది మా వ్యవహారం.

ఒక మధ్యాహ్నం 'ఫోలే మోలే' ఆడారు. రాకుమారుల, రాకుమార్తెల నాట్యం. ఇద్దరు రాకుమారులు యుద్ధానికి పోతూ రాకుమార్తెల్ని ఓ ముసలి దంపతులకి అప్పజెప్పి వెళతారు. వాళ్ళటు వెళ్ళగానే అత్సరాలు, అంటే చేతిలో కొయ్య లింగం పట్టుకుని జనాన్ని నవ్వించే విదూషకులు, రాకుమార్తెల చుట్టూ చేరతారు. సరసాలు నడుస్తాయి. కాపలా ఉండాల్సిన ముసలమ్మ కూడా ఆ సరదాలో కలిసిపోతుంది. రాకుమారులు తిరిగొచ్చి కోపంతో రాకుమార్తెల ముక్కులూ ముసలమ్మ ముక్కూ కోస్తారు. ముసలాయన ముక్కు మాత్రం భద్రం. ఆ తర్వాత తప్పులు ఒప్పుకోవడాలు, వైద్యుణ్ణి పిలవడాలు. అతను ముక్కులు తిరిగి అతికిస్తాడు. ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి కంపు భరించలేక దూరంనించి కర్రతో అతికిస్తాడు. అందరూ రాజీపడతారు, పెళ్ళితో కథ ముగుస్తుంది.

జనం పడీపడీ నవ్వుతున్నారు. నేను నవ్వే ఆడవాళ్ళ ముఖాల్ని వరసగా తీసుకుంటూ పోయాను. చాలా ఆనందంగా ఉన్న స్త్రీలు, చాలా రంగులు. ఏం జరుగుతోందో ఆ తర్వాతే గైడ్ కుర్రాడు హిందీలో చెప్పాడు. "ముక్కు కోసేశారు మేడమ్" అని తనూ నవ్వాడు. నా చెయ్యి ఆగిపోయింది.

ముక్కు కోయడమంటే తెలుగు పాఠకురాలికి వేరే చెప్పాలా? శూర్పణఖ ముక్కుని మనం చిన్నప్పుడు హరికథల్లో, నాటకాల్లో నవ్వుతూనే చూశాం. ఆ నవ్వుని ఆపి, శూర్పణఖనీ సీతనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఓల్గా 'సమాగమం' రాయాల్సివచ్చింది. భూటాన్ బయల్లో నిలబడి నాకు అదే గుర్తొచ్చి, ఒక స్త్రీవాద వ్యాసానికి సరిపడా కోపం తయారైపోయింది. కోరిక ఉన్న స్త్రీకి శిక్ష, కాపలా కాయని స్త్రీకి శిక్ష, మగ కాపలాదారుకి మాఫీ. పైగా ఆ రాకుమార్తెలు కూడా మగవాళ్ళే, స్త్రీ కొయ్యముఖాలు తగిలించుకున్నవాళ్ళు. మగవాళ్ళే స్త్రీలై తప్పుచేసి, మగవాళ్ళే శిక్షించి, మగ వైద్యుడే బాగుచేసే కథ!

అంతా నిజమే. కాని అక్కడితో ఆగిపోతే నేను ఆ కథని చదివినట్టే తప్ప, ఆ బయలుని చదివినట్టు కాదు. నా పక్కన నలభై ఏళ్ళావిడ ఒకామె కుటుంబంతో కూర్చుని ఉంది. వెదురుబద్దల బుట్టలో ఎర్రబియ్యపన్నం, మిరపకాయలు జున్నులో ఉడికించిన ఎమ దత్షి పెట్టుకుని, నాక్కూడా ఇంత పెట్టింది. "ముక్కు కోస్తుంటే మీకు నవ్వెలా వస్తోంది?" అని గైడ్ ద్వారా అడిగించాను. ప్రశ్నలో ఉన్న తీర్పుని ఆ కుర్రాడు మర్యాదగా ఒలిచేసే ఉంటాడు. ఆవిడ నన్ను వింతగా చూసి, రాకుమార్తె వేషగాడి వైపు వేలు చూపించి ఏదో అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మళ్ళీ విరగబడి నవ్వారు. ఆవిడన్నదేమిటంటే, "వాడు నడిచే నడక చూడు. మేం అలా నడుస్తామని అనుకుంటున్నాడు."

ఆ ఒక్క మాటతో నా ఫోటోలన్నీ తారుమారయ్యాయి. నేను 'సంప్రదాయం తనని శిక్షిస్తున్నా నవ్వే అమాయక స్త్రీ' అనుకుని తీసిన ముఖాలు, మగవాడి వేషాన్ని చూసి ఎగతాళి చేస్తున్న ముఖాలు. ఫోటోలో ఆ రెండు నవ్వులకీ తేడా కనపడదు. అందరి నవ్వూ అదేనని నేను చెప్పడం లేదు. ముసలమ్మ కంపు దగ్గర నవ్వింది కూడా ఆ ఆడవాళ్ళే, అది నాకు నచ్చలేదు. అయితే ప్రేక్షకురాలు ఏ అంచున కూర్చుని ఏం చూస్తోందో తెలియకుండా, ప్రదర్శన గురించి మనం రాసే విమర్శ సగం విమర్శే.

స్త్రీలు ఆ బయల్లో లేరని కాదు. చామ్‌కీ చామ్‌కీ మధ్య ఖాళీల్లో వస్తారు. చేయీచేయీ పట్టుకుని వరసగా నిలబడి మెల్లగా ఊగుతూ పాడతారు. ఆ సమయంలో కెమెరాలవాళ్ళు బ్యాటరీలు మార్చుకుంటారు, టీ తాగుతారు. నేనూ అంతే చేశాను. 612 ఫోటోల్లో ఆ పాటలవి తొమ్మిది.

దీనికి ఇంకాస్త వెనక్కి వెళితే ద్రమిత్సే కనిపిస్తుంది. తూర్పు భూటాన్‌లోని ద్రమిత్సే మఠం నించి వచ్చిన డోళ్ళ నాట్యాన్ని యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చింది. ఆ వర్ణనలో పదహారుమంది మగ నర్తకులు, పదిమంది మగ వాద్యకారులు అని లెక్క ఉంటుంది. నాట్యం ఒక సన్యాసికి ధ్యానంలో దర్శనంగా కనపడిందని చెప్తారు. ఆయన పేరు కుంగా గ్యెల్త్సెన్. ఆ మఠాన్ని స్థాపించింది ఎవరు? అని చోటెన్ జాంగ్మో. 'అని' అంటే సన్యాసిని. గొప్ప గురువు పేమా లింగ్పా వంశపు ఆడపడుచు. ఇల్లు ఆమె కట్టింది, ఆటలో ఆమెకి చోటు లేదు. ఇందులో ఎవరూ ఏదీ దాచలేదు, రెండు విషయాలూ అందరికీ తెలిసినవే. పక్కపక్కన పెట్టి చూడకపోవడమే జరుగుతూ వచ్చింది. జోంగ్‌లలో ఉగ్రదేవతలుండే గోయెన్‌ఖాంగ్ గది ముందు స్త్రీలు ఆగిపోవాలన్న నియమం కూడా ఇలాగే. నేనూ ఆ గుమ్మం దగ్గర ఆగాను. ఇంత దూరం వచ్చిన నా కెమెరాకీ, ఆ ఊళ్ళోనే పుట్టిన నా పక్కావిడకీ అక్కడ మాత్రం ఒకటే న్యాయం.

కెమెరా కన్నా ముందు అక్కడికి పెన్సిల్ వచ్చింది. 1783లో బ్రిటిష్ రాయబారంతో వెళ్ళిన సామ్యూల్ డేవిస్ కోటలనీ కొండలనీ గీశాడు. సిక్కింలో బ్రిటిష్ రాజకీయాధికారిగా ఉన్న జాన్ క్లాడ్ వైట్ 1905లో, మళ్ళీ 1907లో ఉగ్యెన్ వాంగ్‌చుక్ మొదటి రాజైనప్పుడు వెళ్ళి ఫోటోలు తీశాడు. అవి 1914 ఏప్రిల్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. శీర్షికలో భూటాన్ కోటలు గాలిలో మేడలయ్యాయి. ఆ పత్రికని అమెరికాలో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో గనుల కాలేజీ డీన్ భార్య కాథ్లీన్ వొరెల్ చూసింది. 1916లో కాలేజీ భవనం తగలబడితే, కొత్తది ఈ బొమ్మల్లోలా కట్టొచ్చు కదా అంది. అలాగే కట్టారు. ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయం భూటాన్ జోంగ్‌ల రూపంలోనే ఉంది. ఎడారి ఊళ్ళో జోంగ్! భూటాన్‌ని ఫోటోలో తప్ప చూడని స్త్రీ మాట ఒకటి అలా ఇటుకల్లో నిలబడింది. నిజం భూటాన్ స్త్రీకి తన దేశంలో ఏ కోట ఎలా ఉండాలో చెప్పే అవకాశం ఉందా అని నాకు సందేహం వస్తుంది. సందేహమే అనుకోండి.

ఇంకొక స్త్రీ ఉంది. మార్గరెట్ విలియమ్సన్. 1933లో గాంగ్‌టాక్‌లో పెళ్ళాడి, రాజకీయాధికారి అయిన భర్తతో ఆ ఏడే భూటాన్ దాటింది. ఆ ప్రయాణాల ఫోటోలు కేంబ్రిడ్జ్ మ్యూజియంలో భర్త పేరున ఉన్నాయి. ఆమె తన జ్ఞాపకాల పుస్తకం వెయ్యడానికి 1987 దాకా పట్టింది. పేరులోనే తనని తాను 'రాజకీయాధికారి భార్య' అని పరిచయం చేసుకుంది. మన ఆడవాళ్ళ స్వీయచరిత్రల్ని చదివినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

ఈ వరసలో చివర పెట్టుకోవాల్సింది 2003లో వచ్చిన మైకేల్ హాలీ ఫోటో పుస్తకం. తెరిస్తే ఏడడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు, 133 పౌన్ల బరువు. ప్రపంచంలో అతి పెద్ద అచ్చుపుస్తకంగా గిన్నిస్‌కెక్కింది. ధర పదివేల డాలర్లు, ధర్మకార్యాలకే ఖర్చు చేశారు. ఉద్దేశాన్ని తప్పుపట్టను. కాని పేరులో 'చిట్టచివరి హిమాలయ రాజ్యం' అని ఉంది చూశారూ, ఆ చిట్టచివరితనమే నన్ను ఇబ్బంది పెడుతుంది. ఎవరైనా చివరివాళ్ళయితే వాళ్ళ ఫోటో తీయడం మన హక్కు కాదు, ఏకంగా బాధ్యత అయిపోతుంది. ముసలామె ఎత్తిన చెయ్యి ఆ బాధ్యత ముందు ఎంత?

అల్జీరియా స్త్రీల మీద ఫ్రెంచివాళ్ళు అచ్చేసిన పోస్టుకార్డుల గురించి మాలెక్ అల్లూలా 1981లో పుస్తకం రాశాడు. దాన్నే ఇక్కడ అతికిస్తే పని సులువవుతుంది. కాని అతకదు. భూటాన్ ఎవరి వలసా కాలేదు. 1974లో విదేశీ యాత్రికులకి తలుపు తీసినప్పటినించీ ఎవరు రావాలి, ఎంత కట్టాలి, ఏం చూడాలి అన్నది ఆ రాజ్యమే నిర్ణయించింది. నేను వెళ్ళినప్పుడు మిగతా దేశాలవాళ్ళకి రోజుకి 200 డాలర్ల రుసుం ఉండేది (ఆ ఏడు సెప్టెంబర్‌లో వందకి తగ్గించారు), భారతీయులకి 1,200 రూపాయలు. అంటే ఫ్రేము గీసింది బయటివాళ్ళే కాదు. లోపలివాళ్ళ ప్రభుత్వం కూడా గీసింది. ఆ ఫ్రేములో స్త్రీ వంటి మీది కిరా ఉంది.

కిరా అందమైన వస్త్రం. లుంట్సే ప్రాంతపు ఆడవాళ్ళు నడుముకి పట్టీ కట్టుకుని నేలమీద కూర్చుని నెలల తరబడి నేసే కుషుతార నేత ముందు నాకు మాట రాలేదు. అయితే 1989లో రాజాజ్ఞతో ఈ కట్టూబొట్టూ మర్యాద, ద్రిగ్లం నామ్‌జా, దేశమంతటికీ నియమమైంది. దక్షిణాన తరాలుగా ఉంటున్న నేపాలీ భాష మాట్లాడే లోట్‌షాంపా స్త్రీ కూడా బహిరంగ స్థలాల్లో చీర వదిలి కిరా కట్టాలి. 1985 పౌరసత్వ చట్టం, 1988 జనాభా లెక్కలు, ఆపైన ఇది. 1990ల మొదట్లో లక్షమంది దాకా దేశం వదిలిపోవాల్సివచ్చింది. తూర్పు నేపాల్ శిబిరాల్లో పదిహేనేళ్ళకి పైగా బతికారు. 2007 చివరినించి ఎక్కువమంది అమెరికాకీ, ఇతర దేశాలకీ చెదిరిపోయారు. నా ఫోటోల్లో రంగులు అంత ఏకరీతిగా, అంత 'స్వచ్ఛంగా' ఉండడానికి ఫ్రేము బయటికి తోసేసిన ఆ చీరలు కూడా ఒక కారణం. ఇది నేను ఫోటో కింద నాలుగు మాటల్లో ఎలా రాయను?

పారోకి విమానంలో కాదు, జయ్‌గావ్ దాటి ఫుంట్‌షోలింగ్ మీదుగా రోడ్డున వెళ్ళాను. ఆ రోడ్డుకి 1960ల మొదట్లో భారత ప్రభుత్వపు దంతక్ ప్రాజెక్టు కింద కొండలు పగలగొట్టారు. కారులోంచి చూస్తే మలుపు దగ్గర ఒకామె బిడ్డని వీపున కట్టుకుని కంకర ఎత్తుతోంది. ఫోటో తీశాను, అలికినట్టు వచ్చింది. 'హిమాలయ స్త్రీలు' గోడకి ఎవరూ అడగని ఫోటో. కాని ఆమె మీద ఒక నవల ఉంది.

కున్‌జాంగ్ చోడెన్ 'ద సర్కిల్ ఆఫ్ కర్మ' 2005లో ఢిల్లీలోని స్త్రీవాద ప్రచురణ సంస్థ జుబాన్, పెంగ్విన్ కలిసి వేశాయి. భూటాన్ స్త్రీ ఇంగ్లీషులో రాసిన మొదటి నవలగా దాన్ని చెప్తారు. త్సోమో తండ్రి గోమ్‌చెన్, ఇంటి దగ్గర మగపిల్లలకి అక్షరాలు చెప్తాడు. కూతురు అడిగితే ఆడపిల్లకి చదువెందుకంటాడు. తల్లి చనిపోయాక ఏడాదికి ఆమె పేర ట్రోంగ్సాలో దీపం వెలిగించాలని ఒంటరిగా బయల్దేరుతుంది. పెళ్ళి, పోయిన బిడ్డ, చెల్లెల్ని చేరదీసిన భర్త. అక్కణ్ణించి పారిపోయి ఈ రోడ్డు మీదే కూలీగా రాళ్ళు మోస్తుంది. అక్కడే దెచెన్ చోకీ స్నేహం దొరుకుతుంది, పనిచేయించేవాడి వేధింపు పడుతున్న పిల్ల. తర్వాత కాలింపాంగ్, బుద్ధగయ, మరో మగవాడు, మరో మోసం, చివరికి సన్యాసం.

భూటాన్‌లో ఆడవాళ్ళకి సమానత్వం ఉంది, పశ్చిమ, మధ్య ప్రాంతాల్లో భూమి కూతుళ్ళకే వస్తుంది అని గైడు పుస్తకాలన్నీ చెప్తాయి. భూమి సంగతి నిజమే. ఈ నవల ఆ మాటతో వాదన పెట్టుకోదు. అక్షరం ఎవరికి వచ్చిందని మాత్రం అడుగుతుంది. ఫోటోలో కనపడనిది అదే. 347లో ముసలామె జపమాల తిప్పుతోంది. ఆమెకి మంత్రం చదవడం వచ్చా, వినడమే వచ్చా, చదువుకోవాలని ఎప్పుడైనా అడిగిందా?

నవల మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. మధ్యలో సంఘటనలు ఊరేగింపులా వస్తాయి. ఆచారాల్ని బయటి పాఠకులకి వివరించే తాపత్రయం కొన్నిచోట్ల కథని ఆపేస్తుంది, అక్కడ రచయిత్రి కూడా కాస్త గైడు అవుతుంది. ముగింపు గురించి నా విద్యార్థినులు గట్టిగా పోట్లాడారు. ఇన్ని దెబ్బలు తిన్న మనిషి అంతా కర్మేనని తల గొరిగించుకోవడం ఓటమి కాదా అని. నేనలా అనుకోను. తండ్రి నిరాకరించిన దాన్నే ఆమె చివరికి చేరుకుంది. సన్యాసం ఆమెకి ఆలస్యంగా దొరికిన బడి. పూర్తి దీక్ష సంగతి అంటారా, 2022 జూన్‌లో పారో దగ్గరే, భూటాన్ ప్రధాన మఠాధిపతి జే ఖెన్పో చేతుల మీదుగా 144 మంది సన్యాసినులకి భిక్షుణి దీక్ష ఇచ్చారు. త్సోమో తరానికి అది ఊహలో కూడా లేదు.

నాకు ఇరవైరెండేళ్ళప్పుడు మా అమ్మ నన్ను స్టూడియోకి తీసుకెళ్ళి సంబంధాలకి పంపడానికి ఫోటో తీయించింది. ప్లాస్టిక్ పూలకుండీ పక్కన, పట్టుచీరలో. "గడ్డం కొంచెం కిందకమ్మా, నవ్వండి, అంత వద్దు" అన్నాడు అతను. ఆ ఫోటో ఎన్ని ఇళ్ళకి వెళ్ళిందో, ఎన్ని చేతుల్లో తిరిగిందో, ఎవరెవరు ఏమన్నారో ఇప్పటికీ నాకు తెలీదు. తిరిగొచ్చిన కాపీ మీద ఒక మూల కాఫీ మరక ఉండేది. ఆ రోజు చెయ్యి అడ్డం పెట్టాలని నాకు తోచలేదు. ముసలామెకి తోచింది.

ఇదంతా చెప్తే నా స్నేహితురాలు, "అయితే ఇంక ఎవరి ఫోటోలూ తీయకూడదా? అలా అనుకుంటే నువ్వు రాయకూడదు కూడా" అంది. బాగానే పట్టుకుంది. ఆమెకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. 346, 347, 348 మూడింటినీ వరసగా, ఆ చెయ్యి లేవడం కనపడేలా పెడదామా అనుకున్నాను. అప్పుడది నా నేరాన్ని చూపించే ప్రదర్శన అవుతుంది, మళ్ళీ ఆమె ముఖం ఖర్చుతోనే. వద్దనుకున్నాను. తుడిచెయ్యలేదు కూడా. గైడ్ కుర్రాడికి వాట్సాప్‌లో పంపి, ఆవిడ ఎవరో తెలిస్తే అచ్చువేయించి ఇవ్వమన్నాను. తెలియదన్నాడు. ఎమ దత్షి పెట్టినావిడ మాత్రం అతనికి తెలుసట, ఆవిడ నవ్వుతున్న ఫోటోలు మూడు వెళ్ళాయి.

ఆవిడ ఆ రోజు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని నన్నొక ఫోటో తీసింది. 612లో నేనున్నది అదొక్కటే. సగం ముఖం ఫ్రేములోంచి జారిపోయింది. మిరపకాయ ఘాటుకి కళ్ళు మూసుకుని, ముక్కు కారుతూ, నోరు తెరిచి ఉన్నాను. అది తీసి చూసుకుని చుట్టూ అందరికీ చూపించింది. అందరూ చాలాసేపు నవ్వారు.